మీకు తెలుసా? కాటా బరువు కంప్యూటర్‌లో పడకపోతే...

సంకిలి చక్కెర మిల్లుకి వెళ్లే చెరకు బళ్లు, విజయనగరం జూట్ మిల్లులకి చేరే గోగునార లారీలు, పలాసలో జీడిపిక్కల బస్తాలు, రాజాం, చీపురుపల్లి రోడ్ల మీద ధాన్యం ట్రాక్టర్లు... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంట ఏదైనా కాటా ఎక్కాకే రైతు చేతికి డబ్బు. వేబ్రిడ్జి గదిలో ఇండికేటర్ మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలు ఒక కేబుల్ గుండా కంప్యూటర్‌లోకి వెళ్లి చీటీ మీద అచ్చవుతాయి. ఆ కేబుల్ వెళ్లి దూరే తొమ్మిది పిన్నుల ద్వారమే సీరియల్ పోర్ట్.

అది మొరాయిస్తే బండి కదలదు. వెనక లైను పెరుగుతుంది. "ఏటైనాది బాబూ, బరువు పడట్లేదేటి?" అంటూ డ్రైవర్లు కిటికీ దగ్గరికొస్తారు. అప్పుడు చాలాచోట్ల మొదట చేసే పని కంప్యూటర్‌ని ఫార్మాట్ కొట్టించడం. నిజానికి అది అన్నిటికన్నా చివర చెయ్యాల్సిన పని, చాలాసార్లు అసలు అక్కర్లేని పని. ఎందుకో ఈ కింది సంగతులు చదివితే మీకే అర్థమవుతుంది.

● కంప్యూటర్ కాటాని ఎప్పుడూ గుర్తుపట్టదు!

పెన్‌డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతుంది. యూఎస్‌బీ పరికరం ప్రతిదీ తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు తానే చెప్పుకుంటుంది కాబట్టి. యూఎస్‌బీ వచ్చింది 1996లో. సీరియల్ పోర్ట్‌కి ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం మాత్రం 1960 నాటిది. టెలిప్రింటర్లని మోడెమ్‌లకి కలపడానికి పుట్టింది. అందులో పరిచయాలు లేవు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంటుంది, వచ్చిందెవరో అడిగేవాళ్లుండరు. అవతల కాటా ఉన్నా, ప్రింటర్ ఉన్నా, తెగిపోయిన తీగ ఉన్నా కంప్యూటర్‌కి ఒకటే.

అందుకే "గుర్తించట్లేదు" అనే ఫిర్యాదు వెనక రెండు వేర్వేరు జబ్బులుంటాయి. డివైజ్ మేనేజర్ తెరిస్తే ‘పోర్ట్స్’ అనే వరుసలో కామ్ పోర్టే లేకపోవడం ఒకటి. పోర్ట్ నిక్షేపంగా ఉండి, అందులోంచి అంకెలు రాకపోవడం రెండోది. మొదటిది కంప్యూటర్ వైపు జబ్బు. రెండోది ఎక్కువగా కేబుల్, సెట్టింగుల జబ్బు. ఈ రెంటినీ విడదీయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే పొద్దు గడిచిపోతుంది తప్ప పని జరగదు. ఇండికేటర్ మీదే బరువు కనిపించకపోతే అది మూడో సంగతి. బరువుని కొలిచే లోడ్‌సెల్ దగ్గరో, జంక్షన్ బాక్స్ దగ్గరో, ఎలక కొరికిన తీగ దగ్గరో చూసుకోవాలి. కంప్యూటర్‌తో దానికి సంబంధమే లేదు.

● ఏమీ పంపనప్పుడు కూడా ఆ తీగలో కరెంటుంటుంది

ఆర్‌ఎస్-232లో ‘1’ అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, ‘0’ అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. ఏ మాటా లేనప్పుడు తీగ ‘1’ మీదే, అంటే మైనస్‌లోనే నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే మల్టీమీటర్‌కి ఇంతకన్నా మంచి పని ఉండదు.

కేబుల్ పీకేసి, మీటర్ నల్ల తీగని కంప్యూటర్ పోర్టులో 5వ పిన్నుకి, ఎర్ర తీగని 3వ పిన్నుకి ఆనించండి. 5 అంటే గ్రౌండ్, 3 అంటే కంప్యూటర్ మాట పంపే పిన్ను. మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య ఏదొచ్చినా పోర్ట్ బతికే ఉందని లెక్క. సున్నా దగ్గర తచ్చాడుతుంటే పోర్ట్ లోపలి చిప్ పోయి ఉండొచ్చు.

ఇప్పుడు ఇండికేటర్ నుంచి వచ్చే కేబుల్ కొసన, కంప్యూటర్‌లో దూర్చే చివర, అదే పరీక్ష చెయ్యండి. 2వ రంధ్రంలో మైనస్ కనిపిస్తే అంతా సవ్యం. ఎందుకంటే 2 అంటే కంప్యూటర్ వినే పిన్ను. మైనస్ 3వ రంధ్రంలో కనిపించిందంటే రెండు యంత్రాలూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నాయి, వినేవాళ్లు లేరు. 2, 3 తీగలు అడ్డంగా మార్చిన కేబుల్, అంటే క్రాస్ కేబుల్ వేస్తే సరిపోతుంది. రెంటిలోనూ మైనస్ లేకపోతే గ్రౌండ్ తీగ తెగిందేమో, ఇండికేటర్ పోర్ట్ పోయిందేమో చూడాలి. ఇంత స్పష్టంగా దారి చూపించే పరీక్షని చాలామంది మెకానిక్‌లు ఎందుకు వాడరో నాకు ఆశ్చర్యం. రెండు నిమిషాల పని ఇది.

● చిన్న తీగ ముక్కతో పోర్ట్ బాగుందో లేదో తేల్చొచ్చు

దీన్ని లూప్‌బ్యాక్ పరీక్ష అంటారు. కేబుల్ తీసేసి పోర్టులోని 2, 3 పిన్నుల్ని తీగ ముక్కతో కలపాలి. కంప్యూటర్‌లో పుట్టీ, టెరా టర్మ్ లాంటి ఉచిత టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, ఆ కామ్ పోర్ట్ ఎంచుకుని, ఫ్లో కంట్రోల్ ‘నన్’ అని పెట్టి ఏదైనా టైప్ చెయ్యండి. కొట్టిన అక్షరం తెర మీద కనిపిస్తే పోర్ట్, డ్రైవర్, విండోస్ మూడూ నిర్దోషులే. తీగ తీసేసి మళ్లీ కొట్టండి, ఈసారి అక్షరం కనిపించకూడదు. ఆ తర్వాత కేబుల్ తగిలించి, కేబుల్ అవతలి కొసన అవే రెండు పిన్నులు కలిపి చూస్తే కేబుల్ సంగతి కూడా తేలిపోతుంది.

పాత విండోస్ ఎక్స్‌పీలో ఈ పనికి హైపర్‌టెర్మినల్ ఉండేది, విస్టా నుంచి తీసేశారు. పాత మెకానిక్‌లు కొత్త కంప్యూటర్‌లో వెతికి దొరక్క వదిలేసేది దీన్నే.

● ±´²50 అంటే ఎంత బరువు?

14250 కిలోలు! ఇండికేటర్ మీద 14250 అని చక్కగా ఉంటుంది, కంప్యూటర్‌లో మాత్రం ±´²50 అని వస్తుంది. వైరస్ పట్టిందని భయపడతారు. ఇది వైరస్ కాదు, లెక్క తేడా. ఇండికేటర్ ప్రతి అంకెనీ 7 బిట్లుగా పంపి, 8వ బిట్‌ని సరి-బేసి తనిఖీకి, అంటే పారిటీకి వాడుతోంది. కంప్యూటర్ ఆ 8 బిట్లనీ అక్షరమే అనుకుని చదివేస్తోంది.

దీన్లో ఒక ముచ్చటైన గుర్తుంది. 0, 3, 5, 6, 9 అంకెల కోడ్‌లో 1లు సరిసంఖ్యలో ఉంటాయి, కాబట్టి పారిటీ బిట్ సున్నా అయ్యి అవి చెడకుండా వస్తాయి. 1, 2, 4, 7, 8 అంకెల్లో 1లు బేసి, అందుకే అవి వింత గుర్తులైపోతాయి. మొదటి ఐదు బాగుండి రెండో ఐదు పాడైతే జబ్బు ఈవెన్ పారిటీదే. సాఫ్ట్‌వేర్‌లో డేటా బిట్లు 7, పారిటీ ఈవెన్ అని మార్చితే అదే క్షణంలో బరువు సరిగ్గా పడుతుంది. అలా కాకుండా మొత్తం చెత్తచెత్తగా వస్తే వేగం, అంటే బాడ్ రేటు కలవలేదన్నమాట. 1200, 2400, 4800, 9600 వరసగా వేసి చూడండి.

ఇంకో మాట. డివైజ్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్ పేజీలో 9600ని ఎంత మార్చినా సాధారణంగా ఏమీ కాదు. కాటా ప్రోగ్రాం తెరుచుకున్నప్పుడు తన సొంత సెట్టింగులే పోర్టుకి వేస్తుంది. మార్చాల్సింది ప్రోగ్రాంలో.

కొన్ని ఇండికేటర్లు బరువుని ఆపకుండా పంపుతూ ఉంటాయి. కొన్ని మాత్రం ‘ప్రింట్’ మీట నొక్కితేనో, కంప్యూటర్ అడిగితేనో పంపుతాయి. అన్నీ బాగుండి అంకెలు రాకపోతే ఆ మీట ఒకసారి నొక్కి చూడండి.

● 13 గంటల్లో 36,749 పిడుగులు

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కించిన పిడుగులివి. మన ఉత్తర కోస్తాలో వేసవి సాయంత్రాలు ఉరుములతోనే గడుస్తాయి. ఆ ఏడే అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకి 140, 150 కిలోమీటర్ల గాలులతో పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసింది. మనుషుల నష్టం ముందు యంత్రాల సంగతి చిన్నది. అయినా ఆ తర్వాత బతుకుని మళ్లీ నిలబెట్టుకోవడంలో కాటా గదులూ, మిల్లులూ కూడా భాగమే కదా.

పిడుగు నేరుగా పోర్టు మీద పడక్కర్లేదు. వేబ్రిడ్జి ఆరుబయట ఇనుప వేదిక. ఇండికేటర్‌కి ఒక కరెంటు లైను, కంప్యూటర్‌కి ఇంకో లైను. దగ్గర్లో పిడుగు పడితే రెండు చోట్ల ఎర్తింగ్ మధ్య ఒక్కసారిగా వోల్టేజి తేడా వస్తుంది. ఆ తేడా ప్రవహించడానికి దొరికే సులువైన దారి సీరియల్ కేబుల్‌లోని 5వ నంబరు గ్రౌండ్ తీగ. దాంతో ముందు కాలిపోయేది 5 వోల్టుల్ని ప్లస్, మైనస్ వోల్టులుగా మార్చే చిన్న చిప్. మ్యాక్స్232 అనేది అందులో బాగా పేరున్న రకం. కంప్యూటర్ వెలుగుతుంది, ఇండికేటర్ వెలుగుతుంది, మధ్యలో మాట మాత్రం ఆగిపోతుంది. బోర్డు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, ఆ చిప్ ఒక్కటీ మార్చి చూడమని అడగండి. ఖరీదులో ఎంతో తేడా.

ఉరుములు మొదలవగానే ప్లగ్గులు పీకుతాం. దాంతోపాటు సీరియల్ కేబుల్ కూడా పీకాలి. రెండు పరికరాల మధ్య కరెంటు దారిని తెంచి, వెలుగుతో మాట మోసే ఆప్టో ఐసొలేటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆరుబయట కాటా ఉన్న ప్రతి మిల్లుకీ ఇది ఉండి తీరాలని నా అభిప్రాయం.

● కాటాని చూసి విండోస్ మౌస్ అనుకుంటుంది

నమ్మకం కలగకపోయినా నిజం. ఒకప్పుడు మౌస్‌లు సీరియల్ పోర్టుకే తగిలించేవాళ్లు. ఆ అలవాటు విండోస్‌కి ఇంకా పోలేదు. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు పోర్టులో ఎవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. సరిగ్గా అదే సమయంలో ఇండికేటర్ ఆపకుండా బరువులు పంపుతుంటే, అది మౌస్ కదలికలని పొరబడుతుంది. తెర మీద బాణం పిచ్చిగా గెంతుతుంది, ఫైళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి, కాటా ప్రోగ్రాంకి మాత్రం పోర్ట్ దొరకదు. డివైజ్ మేనేజర్‌లో మౌస్‌ల వరుసలో ‘సీరియల్ బాల్‌పాయింట్’ అనే కొత్త పేరు కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే మళ్లీ వస్తుంది, అందుకని ‘డిజేబుల్’ చెయ్యాలి. లేదా కంప్యూటర్ పూర్తిగా ఆన్ అయ్యాకే కేబుల్ పెట్టాలి.

లైనక్స్‌లోనూ దీనికి తోబుట్టువు లాంటి జబ్బుంది. ఉబుంటు 22.04లో, అంధుల బ్రెయిలీ తెరల కోసం పెట్టిన బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం, సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్లని బ్రెయిలీ పరికరాలనుకుని లాగేసుకునేది.

● కొత్త విండోస్ వేశాక పాత అడాప్టర్ ఎందుకు చచ్చిపోయింది?

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి తొమ్మిది పిన్నుల పోర్ట్ ఉండదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే అడాప్టర్ కొంటాం. దాని లోపలి చిప్ ఏదన్నదే అసలు ప్రశ్న. పీఎల్2303 రకంలో పాత చిప్‌లనీ, వాటి నకిలీలనీ కొత్త డ్రైవర్ పనిచెయ్యనివ్వదు. పసుపు గుర్తు పెట్టి ‘కోడ్ 10’ అంటుంది, లేదా 2012 నుంచి ఈ చిప్ ఆపేశాం, అమ్మినవాళ్లని అడగండి అనే అర్థం వచ్చే వాక్యాన్నే పరికరం పేరుగా చూపిస్తుంది. 2014 అక్టోబర్‌లో, హుద్‌హుద్ తుపాను విశాఖని కుదిపేసిన ఆ నెలలోనే, ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు నంబరుని సున్నాగా మార్చేసి ప్రపంచమంతా గగ్గోలు పుట్టించింది. నకిలీ అని తెలియక కొన్నవాళ్ల పరికరాలు రాత్రికి రాత్రి మూగబోయాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. కాటా గదుల్లో కంప్యూటర్లు మారుతున్న ఈ సమయంలో చక్కగా ఉన్న కాటాని అనుమానించే ముందు అడాప్టర్‌ని అనుమానించండి.

● పోర్ట్ నంబరు 17 అయితే ప్రోగ్రాంకి కనపడదు

అడాప్టర్‌ని నిన్న ఒక యూఎస్‌బీ రంధ్రంలో, ఇవాళ ఇంకో రంధ్రంలో పెడితే చాలా అడాప్టర్లకి విండోస్ కొత్త కామ్ నంబరు ఇస్తుంది. పాత నంబర్లు పోవు, కనిపించని జాబితాలో పేరుకుంటాయి. కాటా ప్రోగ్రాంలు చాలావరకు విజువల్ బేసిక్ 6 కాలంలో రాసినవి. అందులో వాడే పోర్ట్ కంట్రోల్ 16వ నంబరు దాకానే చూడగలదు. కొన్ని ప్రోగ్రాంల మెనూలో అయితే 4 దాకానే ఉంటుంది. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ‘అడ్వాన్స్‌డ్’ లోకి వెళ్లి నంబరు 2కో 3కో మార్చుకోవచ్చు. ఆ యూఎస్‌బీ రంధ్రానికి రంగు టేపు అంటించి, ఇంకెక్కడా పెట్టకండి.

ఒక పోర్టుని ఒక్క సమయంలో ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తే పాత ప్రోగ్రాం వెనకాల తెరిచి ఉన్నట్టే.

● 12 కన్నా 11.0592 మేలు

రాజాం, విజయనగరం, టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో 8051 చిప్ కిట్ పట్టుకున్నవాళ్లకి ఈ వింత అంకె తెలుసు. ఆ చిప్ తన గడియారాన్ని ముందు 12తో, తర్వాత 32తో, ఆ పైన ఒక పూర్ణాంకంతో భాగించి సీరియల్ వేగం తయారుచేసుకుంటుంది. 11.0592 మెగాహెర్ట్జ్‌ని 12తో, 32తో, 3తో భాగిస్తే సరిగ్గా 9600 వస్తుంది. షాపులో లేదని 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ వేస్తే వచ్చేది సుమారు 10,417. ఎనిమిదిన్నర శాతం తేడా. సీరియల్ సంభాషణ ఐదు శాతానికి మించి తేడాని ఓర్చుకోలేదు. ప్రోగ్రాం తప్పేమో అని రాత్రంతా వెతికే విద్యార్థులు ముందు క్రిస్టల్ డబ్బా మీద అంకె చదవాలి.

● ల్యాబ్ యంత్రం "ఉన్నావా?" అని అడుగుతుంది

ఉద్దానంలో కిడ్నీ జబ్బు వల్ల క్రియాటినిన్ పరీక్ష చాలా ఇళ్లకి తెలిసిన మాటే. రక్తపరీక్షల ఎనలైజర్లలో చాలావాటికి ఇప్పటికీ సీరియల్ పోర్టే. పోర్ట్ తనకు తాను ఎవర్నీ గుర్తుపట్టదు కాబట్టి, ఏఎస్‌టీఎం ప్రమాణంలో ఆ పని మాటలకి అప్పగించారు. యంత్రం ముందు ఒక విచారణ అక్షరం పంపుతుంది. కంప్యూటర్ 15 సెకన్లలో ఒప్పుకోలు పంపకపోతే ఫలితం పంపడం ఆపేస్తుంది. అంటే ఇక్కడ కంప్యూటర్ వింటే సరిపోదు, తిరిగి చెప్పగలగాలి కూడా. వచ్చే తీగ బాగుండి వెళ్లే తీగ తెగితే ఒక్క రిపోర్టూ రాదు. అలాంటప్పుడు ఫలితాల్ని చేత్తో ఎక్కిస్తారు. ఒక రోగి అంకె ఇంకో రోగి పేరు మీద పడే ప్రమాదం అక్కడే ఉంది. ఈ కేబుల్‌ని చిన్నచూపు చూడకూడదు.

● 15 మీటర్లు దాటితే...

ఆర్‌ఎస్-232 కేబుల్‌కి పాత ప్రమాణం చెప్పిన హద్దు సుమారు 15 మీటర్లు. కాటా ఒక మూల, ఆఫీసు ఇంకో మూల ఉంటే ఆర్‌ఎస్-485 కన్వర్టర్లు వెయ్యాలి. అది మెలిపెట్టిన జత తీగ మీద 1200 మీటర్ల దాకా వెళ్తుంది.

● ఉప్పుగాలి కూడా పిన్నుల్ని తింటుంది

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఏడాది తిరక్కుండానే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుం కనిపిస్తుంది. కేబుల్ కదిపితే బరువు వచ్చి పోతుంటే కారణం అదే కావచ్చు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ఆరబెట్టి, పక్కన ఉండే రెండు మరలూ బిగించాలి. ఆ మరలు అలంకారానికి కాదు. చాలా కాటా గదుల్లో అవి ఊడిపోయి, లోడు లారీ ఎక్కిన అదురుకే కేబుల్ జారుతుంటుంది.

● సీలు జోలికి వెళ్లకూడదు

ఇండికేటర్‌కి తూనికలు, కొలతల శాఖ సీలు ఉంటుంది. సీరియల్ పోర్టు సీలుకి బయటే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన పరీక్షలన్నీ సీలు ముట్టుకోకుండా చెయ్యొచ్చు. లోపలి చిప్ మార్చాల్సొస్తే ఆ శాఖ లైసెన్సున్న రిపేరర్‌నే పిలవాలి, ఆ తర్వాత మళ్లీ ముద్ర వేయించాలి. ఆ సీలు రైతుకి ఉన్న భరోసా.

కాటా, మిల్లు, ల్యాబ్ నడిపేవారికి ఒక విన్నపం. అంతా బాగా నడుస్తున్న ఈరోజే ఒక కాగితం మీద కామ్ నంబరు, బాడ్ రేటు, డేటా బిట్లు, పారిటీ, కేబుల్ మామూలుదా క్రాసా, అడాప్టర్ చిప్ పేరు రాసి ఇండికేటర్ పక్కన అంటించండి. ఒక మంచి కేబుల్, ఒక మంచి అడాప్టర్ అదనంగా కొని పొడి డబ్బాలో పెట్టండి. అక్టోబర్ తుపాన్లలోపే ఈ పని అయిపోవాలి.